ఏ పాఠకుడు దేనికోసం వస్తాడు

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు రచనలూ చదివాను. డిటెక్టివ్ కథ, ప్రేమకథ, రుద్రమదేవి కాలం నాటి కథ, అరకు ప్రయాణం, మీ తాతగారి జీవితం. వాటితో పాటు “పాఠకులకు ఏది నచ్చుతుంది?” అని ఒక ప్రశ్న కూడా పంపావు. దానికి ఒక్క జవాబు లేదు. అదే మనిషి డిటెక్టివ్ నవల తెరిచినప్పుడు ఒకటి కోరుకుంటాడు, యాత్రావ్యాసం తెరిచినప్పుడు ఇంకొకటి కోరుకుంటాడు. చదివిన గంట వృథా పోలేదని అతనికి అనిపించేది ఆ కోరిక తీరినప్పుడే. అందుకని నీ రచనలు ఒక్కొక్కటే పట్టుకుని చెబుతాను. కొన్నిటి మీద ఎక్కువ చెబుతాను, కొన్నిటి మీద తక్కువ.

డిటెక్టివ్ కథ చదివేవాడు రచయితతో పందెం కాసి కూర్చుంటాడు. నువ్వు చెప్పేలోగా తనే కనిపెట్టాలని చూస్తాడు. ఓడిపోతే సంతోషిస్తాడు కూడా, మోసపోతే మాత్రం క్షమించడు. ఆధారాలన్నీ కళ్లముందే ఉన్నా పట్టుకోలేకపోతే అది ఓటమి. ఆధారాన్ని నువ్వు దాచేస్తే అది మోసం. నీ కథలో హంతకుడు కాంపౌండరు. పద్నాలుగు పేజీల కథలో అతను మొదటిసారి కనిపించేది పన్నెండో పేజీలో. అప్పటిదాకా పాఠకుడు వేసుకున్న లెక్కలన్నీ వృథా అయిపోయాయి. నేరస్థుడు కథలో మొదటి పావు వంతులోనే రావాలి, అదీ తన మామూలు పని చేసుకుంటూ రావాలి. సూది మందు ఇవ్వడానికి వచ్చి, కాఫీ వద్దని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయినా చాలు.

ముఖ్యమైన ఆధారాన్ని కనీసం రెండు చోట్ల, వేరువేరు రూపాల్లో పెట్టు. “బల్ల మీద కళ్లజోడు, ఇన్సులిన్ సీసా, సగం తాగిన మజ్జిగ గ్లాసు, నిన్నటి పేపరు” అని రాశావనుకో. మొదటిదీ చివరిదీ మనసులో నిలుస్తాయి, మధ్యలోవి జారిపోతాయి. ఆ వెంటనే వచ్చే వాక్యంలో ఎవరో ఒకరు గొంతు పెంచాలి, పాఠకుడి చూపు అటు పోవాలి. ఆ ఇంట్లో ఎవరికీ షుగరు లేదన్న సంగతి మూడు పేజీల ముందే, లడ్డూలు పంచుతున్నప్పుడు, మాటల్లో వచ్చి ఉండాలి. ఈ రెండూ కలుపుకునే అవకాశం పాఠకుడికి ఇచ్చావంటే నీ వంతు ధర్మం నెరవేరినట్టే.

రాసే ముందు రెండు కాగితాలు పెట్టుకో. ఒకదాని మీద నేరం నిజంగా ఎలా జరిగిందో గంటగంటకీ రాయి. రెండోదాని మీద పరిశోధకుడికి ఏ సంగతి ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసిందో రాయి. రెండో కాగితంలో “అనుకోకుండా”, “అదృష్టవశాత్తూ” అన్న మాటలు వచ్చిన చోటల్లా కథకు చిల్లు పడినట్టు. నీ కథలో హంతకుడు చివర్లో రెండు పేజీలు తనంతట తానే ఒప్పుకుంటాడు. అప్పటిదాకా పరిశోధకుడు చేసిన పనంతా దేనికి? ముగింపులో కొత్త సమాచారం ఒక్కటీ రాకూడదు, పాత సమాచారానికి కొత్త అర్థం రావాలి. ఇంకొకటి. నీ కథ 2025లో జరుగుతుంది, ఎస్సై మాత్రం “302 కింద కేసు” అంటాడు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, అందులో హత్యకు శిక్ష 103వ సెక్షన్. అంతకు ముందు జరిగిన హత్యయితే పాత శిక్షాస్మృతిలోని 302 సరైనదే. ఈ కోవ పాఠకుల్లో ప్లీడర్లూ పోలీసులూ ఉంటారు. ఇక్కడ తడబడ్డావని తెలిస్తే, ఆపైన నువ్వు పెట్టిన ఆధారాలు వాళ్లు నమ్మరు.

ప్రేమకథ సంగతి వేరు. ఇద్దరూ ఒకటవుతారని పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు, తెలిసే చదువుతుంది. ఈ ఇద్దరే ఎందుకు, ఎలా అన్నదానికోసం వస్తుంది. నీ కథలో నాయిక అతన్ని చెల్లెలితో చూసి అపార్థం చేసుకుని ఆరు నెలలు మాట్లాడదు. ఒక్క ఫోనుతో తీరిపోయే అడ్డంకి అడ్డంకి కాదమ్మా. ఇద్దరిదీ న్యాయమే అనిపించే చిక్కు కావాలి. ఆమెకు బెంగళూరులో ఎనిమిదేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. అతనికి కరీంనగర్‌లో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన తల్లి. ఎవరు వదులుకోవాలి? అప్పుడు పాఠకురాలు ఒక పేజీలో ఆమె పక్షం, మరో పేజీలో అతని పక్షం వహిస్తుంది. ఈ ఊగిసలాట కోసమే ఆ కథ చదువుతుంది. ఒకరినొకరు గమనించే చిన్న విషయాలు కూడా పేజీల మీద కనపడాలి. “అందమైన కళ్లు” ఎవరికైనా ఉంటాయి. బస్సు దిగేటప్పుడు వెనకున్న ముసలావిడ సంచీ అందుకునే అలవాటు అతనొక్కడిదే.

ఇందులోనే యాస గురించి ఒక మాట. కరీంనగర్ కుర్రాడి నోట “ఆయన వచ్చిండు” అని రాశావు, బాగుంది. రెండు పేజీల తరవాత అతను వాళ్లమ్మ గురించి చెబుతూ “అమ్మ వచ్చిండు” అంటాడు. ఆ యాసలో మగవాడికి వచ్చిండు, ఆడమనిషికి వచ్చింది. క్రియల చివర్లు తీసుకొచ్చి అతికిస్తే యాస రాదు. ఆ ప్రాంతం మనిషి చేత సంభాషణలు బయటికి చదివించు, వాళ్ల నోరు తట్టుకున్న ప్రతిచోటా గీత గీయి. రాజమండ్రి అమ్మాయిదీ అతనిదీ పేర్లు మూసేసి చదివితే ఎవరి మాట ఏదో తెలియాలి. ఇప్పుడు ఇద్దరూ దినపత్రికలాగా మాట్లాడుతున్నారు. ఈ కథను భాగాలుగా ఆన్‌లైన్‌లో పెట్టాలని ఉందన్నావు. ఒక్కో భాగం వెయ్యి, పన్నెండు వందల మాటల దగ్గర ఆపు. తలుపు చప్పుడు దగ్గరో, “ఎవరది?” దగ్గరో మాత్రం ఆపకు. ఎవరో ఒకరు వెనక్కి తీసుకోలేని నిర్ణయం చేసిన చోట ఆపు. చప్పుడు మాయ రెండు మూడు భాగాలకే పాతబడిపోతుంది.

చారిత్రక కథ పాఠకుడు తనలాంటి మనసున్న మనిషి వేరే కట్టుబాట్ల మధ్య ఎలా బతికిందో చూడటానికి వస్తాడు. నీ కథలో రాణివాసపు విందు వర్ణన పేజీన్నర ఉంది. అందులో పచ్చిమిరపకాయ పచ్చడీ, జీడిపప్పు పాయసమూ వడ్డించావు. రుద్రమదేవి పాలించింది 1262 నుంచి 1289 వరకు. మిరప, జీడిమామిడి, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల రాకతోనూ, ఆ తరవాతా మన దేశానికి వచ్చాయి. వాస్కో డ గామా కాలికట్‌లో దిగిందే 1498లో. కాకతీయుల వంటింట్లో కారమంటే మిరియం, పిప్పలి, అల్లం. అలాగే సేనాపతి “అరగంటలో వస్తాను” అనకూడదు. అప్పటి లెక్క ఘడియ, అంటే మన 24 నిమిషాలు. ఏడున్నర ఘడియలు ఒక జాము.

తప్పులు దిద్దుకున్నంత మాత్రాన కథ విలువైనదైపోదు. ఆ కాలం మనిషిని దేని విషయంలో కట్టి పడేసిందో దొరికితేనే కథ దొరికినట్టు. రాణిని వదిలిపెట్టు, ఆమె గురించి ఎందరో రాశారు. చెరువు తవ్వించి, దాని బాగోగులు చూసేవాళ్లకు ఆ రోజుల్లో దశబంధ మాన్యం అని భూమి ఇచ్చేవారు. అలాంటి మాన్యం మీద బతికే కుటుంబాన్ని తీసుకో. వానాకాలం రాత్రి కట్ట తెగేలా ఉంది. తూము తెరిస్తే కింది పొలాలు మునుగుతాయి, తెరవకపోతే కట్టే పోతుంది, మాన్యమూ పోతుంది. అక్కడ నీ కథానాయిక నిలబడితే కాకతీయ యుగం మొత్తం ఆ ఒక్క రాత్రిలో కనిపిస్తుంది. శాసనాలు చదువు, వీలైనన్ని చదువు. సేకరించినదాంట్లో పదోవంతుకు మించి పేజీ మీదికి రానివ్వకు. మిగతా తొమ్మిది వంతులూ నువ్వు తప్పు రాయకుండా కాపాడతాయి.

ఇక అరకు. “ప్రకృతి సోయగం”, “కనువిందు”, “మాటలకందని అనుభూతి” అన్నవి కలిపి పదకొండు చోట్ల ఉన్నాయి. యాత్రావ్యాసం చదివేవాళ్లు రెండు రకాలు. అక్కడికి వెళ్లబోయేవాళ్లు, ఎప్పటికీ వెళ్లలేనివాళ్లు. విశాఖలో రైలు ఎన్నింటికి, ఏ వైపు కూర్చుంటే లోయ కనిపిస్తుంది, బొర్రా గుహల్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎందాకా దిగగలరు, తిరుగు ప్రయాణం ఎలా, ఎంతైంది అన్నవి మొదటివాళ్లకు కావాలి. రెండోవాళ్లకు నీ కళ్లూ చెవులూ కావాలి. సొరంగంలోకి రైలు దూరగానే పెట్టెలో పిల్లలు ఏమని అరిచారు, సంతలో ఏ కూరగాయను ఏమని పిలుస్తున్నారు, సున్నపురాయి పైకప్పు నుంచి బొట్టు పడితే ఎక్కడ పడుతుంది. ఈ ఇద్దరిలో ఎవరికీ పనికిరానిది నీ పారవశ్యం ఒక్కటే.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది 1838లో. దారి ఇసుకా రాయా, మజిలీలో నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏం దొరుకుతుంది అని ఆయన ఊరూరా రాసిపెట్టాడు. తరవాత వచ్చే ప్రయాణికుడికి పనికొచ్చేలా రాసింది ఇవాళ చరిత్రకారుడికీ, ఊరికే చదువుకునేవాడికీ కూడా పనికొస్తోంది. ఆ ఊళ్లలో కొన్నిటి రూపం మనకు మిగిలింది ఆ వాక్యాల్లోనే. నువ్వూ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ధరలు, దూరాలు, వేళలు, విన్న మాటలు అక్కడికక్కడే రాసుకో. రాత్రి గదికి వచ్చి రాస్తే అంకెలు మాయమై విశేషణాలు మిగులుతాయి. ధర రాసినచోట నెల, సంవత్సరం కూడా రాయి.

మీ తాతగారి జీవితం రాయడం ఈ ఐదింటిలో కష్టమైనది, అన్నిటికంటే విలువైనది కూడా. ఇప్పుడున్న ప్రతిలో పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగాలు, సన్మానాలు వరసగా ఉన్నాయి. కుటుంబం బయటివాళ్లు దాన్ని రెండో పేజీలోనే మూసేస్తారు. జీవితచరిత్ర చదివేవాళ్లు మనిషి నిర్ణయాల కోసం చదువుతారు. ఫలితం ముందే తెలియనప్పుడు అతను ఏం చేశాడు? మూడు నిర్ణయాలు ఎంచుకో. మద్రాసు ఉద్యోగం వద్దని అవనిగడ్డ బడిలో ఎందుకు చేరారు? 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమ వదిలి వెళ్లమని బంధువులు పోరుపెట్టినా ఎందుకు కదల్లేదు? మూడోది మీ నాన్నగారిని అడుగు. ఒక్కో నిర్ణయానికి ఆనాడు ఆయన చేతిలో ఏముంది, ఏం తెలుసు, ఎవరు వద్దన్నారు అన్నవి రాయి. ఈ రోజు మనకు తెలిసిన ఫలితాన్ని ఆ పేజీల్లోకి రానివ్వకు.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు “ఏ సంవత్సరం?” అంటే తడుముకుంటారు. “ఉప్పెనకు ముందా, తరవాతా?”, “అప్పటికి చిన్నత్తయ్య పెళ్లయిందా?”, “ఊళ్లోకి కరెంటు వచ్చిందా?” అని అడిగితే ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. ఒకే సంఘటన ఇద్దరిని విడివిడిగా అడుగు. ఇద్దరి మాటలూ కలవకపోతే రెండూ రాయి, ఎవరిది ఏదో చెప్పు. అంకెల్లో జాగ్రత్త. 1952లో ఆయన మొదటి జీతం “45 రూపాయల 50 పైసలు” అని రాశావు. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు అర్ధరూపాయి అంటే ఎనిమిది అణాలు. మీ తాతగారు తెలంగాణ వైపువారై ఉంటే హాలీ సిక్కానా (నిజాం నాణెం), కల్దారా (ఇంగ్లీషువాళ్ల రూపాయి) అని కూడా అడగాల్సి వచ్చేది. ఆయన లోపాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. కోపం వస్తే వారం రోజులు మాట్లాడేవారు కాదని నువ్వే ఫోన్‌లో చెప్పావు. అది రాస్తే ఆయన మంచితనం కూడా నమ్మేలా ఉంటుంది.

తరవాత సైన్సు వ్యాసాలు, వంటలు రాస్తానన్నావు. వాటి గురించి కొంచెమే చెబుతాను. సైన్సు పాఠకుడికి “ఎంత” కంటే “ఎలా తెలిసింది” ముఖ్యం. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరమని రాస్తే ఆ అంకె కళ్ల మీదుగా పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోయే రైలుకు దాదాపు 170 ఏళ్లు పడుతుందంటే నిలుస్తుంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య నీడల కోణంలో తేడా వృత్తంలో యాభయ్యో వంతు అని చూసి, ఆ ఊళ్ల దూరాన్ని యాభైతో గుణించి భూమి చుట్టుకొలత కట్టాడని దశలవారీగా చూపిస్తే పాఠకుడు తనే కనిపెట్టినంత సంబరపడతాడు. వంటకైతే “తగినంత ఉప్పు” అన్న మాట నిషేధించుకో. తగినంత ఎంతో తెలిసినవాళ్లకు నీ పుస్తకంతో పనిలేదు. ఎన్ని గ్లాసుల మామిడి ముక్కలకు ఎన్ని గ్లాసుల ఉప్పు, కారం, ఆవపిండి అన్నది రాయి. ముక్కల తడి తుడవకపోయినా, ఉప్పు తగ్గినా బూజు పడుతుందనీ రాయి. ఎక్కడ చెడుతుందో చెప్పిన పుస్తకాన్నే వంటింట్లో ఉంచుకుంటారు.

తిరగరాశాక ఒక్కో రచననూ ఆ కోవ ఇష్టంగా చదివే ముగ్గురికి ఇవ్వు. ప్రేమకథలు చదవనివాళ్లకు ప్రేమకథ ఇచ్చి లాభం లేదు. “నచ్చిందా?” అని అడగకు, మొహమాటానికి నచ్చిందనే అంటారు. “ఎక్కడ పక్కన పెట్టి వేరే పనికి లేచారు?” అని అడిగి ఆ పేజీ నంబరు రాసుకో. ఇద్దరు ఒకే చోట లేచారంటే దోషం సాధారణంగా దానికి ఒకటి రెండు పేజీల ముందుంటుంది. అక్కడ పాఠకుడు అడుగుతున్నదానికి జవాబు ఆలస్యమై ఉంటుంది, లేదా అతను అడగనిదేదో నువ్వు చెబుతూ ఉంటావు.

ముందు తాతగారి పని మొదలుపెట్టు. అవనిగడ్డలో ఆయనతో పనిచేసినవాళ్లలో ఎవరెవరున్నారో మీ నాన్నగారిని అడిగి జాబితా రాసుకుని, పెద్ద వయసువాళ్లతో మొదలుపెట్టు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయి, ఆ రాత్రే కాగితం మీదికి ఎత్తు. అరకు వ్యాసంలో ఆ పదకొండు మాటలూ కొట్టేసి, ఖాళీ అయిన చోట ఏం చూశావో నింపి నాకు పంపు. డిటెక్టివ్ కథను ఇప్పుడే తిరగరాయకు. ఆ రెండు కాగితాలూ ముందు పంపు, కాంపౌండరు ఏ పేజీలో రావాలో కలిసి చూద్దాం.

ఉంటాను.