హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ వార్నింగుల గోల ఆపాలంటే

తమ్ముడూ,

నీ హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ ప్రోగ్రామ్ నడుస్తూ రాసుకున్న చిట్టా, అదే నువ్వు పంపిన లాగ్ ఫైల్, చూశాను. ఒక్క పేజీ తెరిచి అందులోంచి ఒక టేబుల్ చదవడానికి స్క్రీన్ల కొద్దీ వార్నింగులు. నీ ప్రోగ్రామ్ ప్రింట్ చేసిన రెండు ముక్కలు వాటి మధ్య ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. "ఈ గోల మొత్తం ఆపేసే లైన్ ఒక్కటి చెప్పు అన్నా" అన్నావు. ఉంది, చెప్తాను, వాడొద్దని కూడా చెప్తాను.

ముందు ఆ లాగ్‌ని ఒక్కసారి నిదానంగా చదువు. ప్రతి వార్నింగ్ పక్కన క్లాస్ పేరు ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు, మెసేజ్ చూసి కంగారు పడతారు. అసలు సమాచారమంతా ఆ పేరులోనే ఉంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ అంటే క్రోమ్‌ని వెనకాల దాచి నడిపే సరుకు కాదని నీకు తెలుసు కదా. మొత్తం జావాలో రాసిన బ్రౌజర్ అది, సీఎస్‌ఎస్ (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే భాష) చదవడానికి సొంత పార్సర్, జావాస్క్రిప్ట్ నడపడానికి రైనో అనే పాత ఇంజిన్ నుంచి చీల్చుకున్న సొంత ఇంజిన్. మామూలు బ్రౌజర్ డెవలపర్ కన్సోల్‌లో పడేసి ఊరుకునేవన్నీ ఇది తెచ్చి నీ లాగ్‌లో పోస్తుంది. అంటే నీ కోడ్‌లో తప్పు ఉందని కాదు, అవతలి వాళ్ల వెబ్‌సైట్ మీద ఫిర్యాదులు నీకు వినిపిస్తున్నాయి, అంతే.

నీ లాగ్‌లో సగానికి పైగా సీఎస్‌ఎస్ ఎర్రర్లే. స్క్వేర్ బ్రాకెట్లలో లైన్ నంబర్, కాలమ్ నంబర్ ఇచ్చి మరీ చెప్తోంది పాపం. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం ఎవరో ఎప్పుడో పెట్టిన స్టార్ హ్యాకులు, ఫిల్టర్ లైన్లు, ఇలాంటివి ఏ సైట్ స్టైల్‌షీట్‌లో అయినా దొరుకుతాయి. అర్థంకాని లైన్‌ని వదిలేసి ముందుకెళ్లమని సీఎస్‌ఎస్ ప్రమాణమే చెప్తోంది, హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ కూడా వదిలేసే వెళ్తుంది, కాకపోతే వదిలేశానని నీకు చెప్పి వెళ్తుంది. వీటి గురించి ఆలోచించనక్కర్లేదు, నోరు మూయించు.

తర్వాత "అబ్సొలీట్ కంటెంట్ టైప్" అని, సర్వర్ పంపే ఫైల్ ఏ రకమో చెప్పే టెక్స్ట్ స్లాష్ జావాస్క్రిప్ట్ అనే పేరు మీద వచ్చేవి. ఇది నాకు భలే నవ్వు తెప్పించే వార్నింగ్. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4329 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం, ఆ పేరు పాతబడిపోయింది, అప్లికేషన్ స్లాష్ జావాస్క్రిప్ట్ వాడండి అంది. ప్రపంచంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9239 వచ్చి, టెక్స్ట్ స్లాష్ జావాస్క్రిప్టే సరైనది, మిగతావే పాతవి అని తిరగరాసింది. అంటే నువ్వు వాడుతున్న పాత వెర్షన్ ఇప్పుడు సరిగ్గా ఉన్నదాన్ని తప్పంటోంది.

మూడోది నువ్వు ఎర్ర రంగులో మార్క్ చేసి టెన్షన్ పడ్డది, స్ట్రిక్ట్ ఎర్రర్ రిపోర్టర్ నుంచి "ఇన్‌వాలిడ్ ఆర్ ఇల్లీగల్ సెలెక్టర్" అని వచ్చేది. అందులో సెలెక్టర్ (పేజీలో ఏ ఎలిమెంట్లు కావాలో చెప్పే గుర్తు) ఏముందో చూడు: ఒక స్టార్, కామా, కోలన్, ఎక్స్. అలాంటి సెలెక్టర్‌ని బుద్ధున్నవాడెవడూ రాయడు అనుకుంటావు, కానీ సైట్లు వాడే జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ కావాలనే రాసింది. లోడ్ అయ్యేటప్పుడు తప్పుడు సెలెక్టర్ ఒకటి విసిరి, బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుందా లేదా అని పరీక్షిస్తుంది, పాత ఒపెరా ఇచ్చేది కాదు కాబట్టి. ఎర్రర్ రావడమే సరైన జవాబు, జేక్వెరీ దాన్ని పట్టుకుని తన పని తాను చేసుకుపోతుంది. లాగ్‌లో మాత్రం అది ఘోరం జరిగినట్టు కనిపిస్తుంది.

ఇక కుకీల గురించి వచ్చేవి అసలు హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్‌వి కావు. కింద నెట్‌వర్క్ పని చేసే అపాచీ హెచ్‌టీటీపీక్లయింట్‌వి. క్లాస్ పేరు చూడమన్నది ఇందుకే.

ఇప్పుడు ఆ ఒక్క లైన్ సంగతి. జావా లాగర్‌ని, అంటే లాగ్ రాసే వస్తువుని, హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ ప్యాకేజీ పేరుతో తీసుకుని లెవెల్ ఆఫ్ చేయడం. నువ్వు దాన్ని ఎక్కడో చూసి ముందే పెట్టావు, పనిచేయలేదన్నావు. పనిచేయకపోవడానికి కారణాలు ఒకటికి నాలుగు ఉన్నాయి.

మొదటిది, పేరు. వెర్షన్ 3.0 వచ్చిన 2023 నుంచి ప్యాకేజీ పేరు ఆర్గ్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్. అంతకుముందు కామ్ డాట్ గార్గాయిల్‌సాఫ్ట్‌వేర్ అని మొదలయ్యేది. ఇంటర్నెట్‌లో దొరికే సమాధానాల్లో ఎక్కువ భాగం ఆ పాత పేరుతోనే ఉంటాయి. కొత్త వెర్షన్‌లో పాత పేరు పెడితే ఏ ఎర్రరూ రాదు, లేని లాగర్‌ని హాయిగా సృష్టించి దాన్ని ఆఫ్ చేస్తుంది, అసలుది అరుస్తూనే ఉంటుంది. నీది ఇంకా 2.x కాబట్టి నీకు పాత పేరే కావాలి, వెర్షన్ మార్చిన రోజు మాత్రం ఈ మాట గుర్తు పెట్టుకో.

రెండోది, అసలు లాగ్ రాసేది ఎవరు? హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ ఆ పనిని కామన్స్ లాగింగ్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. కామన్స్ లాగింగ్ తాను రాయదు, లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీ కనిపిస్తే దానికి, లేకపోతే జావా సొంత లాగింగ్‌కి తోసేస్తుంది. మీ ప్రాజెక్ట్‌లో మధ్యలో బ్రిడ్జ్ పెట్టి లాగ్‌బ్యాక్ అనే ఇంకో లాగింగ్ లైబ్రరీకి మళ్లించారనుకో, అప్పుడు నువ్వు జావా లాగర్‌ని ఎంత ఆఫ్ చేసినా దానికి ఈ సంగతే తెలియదు. ముందు డిపెండెన్సీ ట్రీ (ప్రాజెక్ట్ వాడే లైబ్రరీల జాబితా) ప్రింట్ చేసుకుని చివరికి రాసేది ఎవరో తేల్చుకో, ఆ తర్వాతే సెట్టింగ్ ముట్టుకో.

మూడోది చాలామందికి తెలియనిది, నీకు "ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు" అనిపించేది కూడా బహుశా ఇదే. జావా లాగ్ మేనేజర్ లాగర్లని గట్టిగా పట్టుకోదు, వీక్ రిఫరెన్స్‌తో పట్టుకుంటుంది. నువ్వు మెయిన్‌లో లాగర్ తీసుకుని ఆఫ్ చేసి వదిలేస్తే, దాన్ని ఇంకెవరూ పట్టుకోకపోతే, ఎవరూ వాడని వస్తువుల్ని మెమరీలోంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఊడ్చేస్తుంది, నీ ఆఫ్ కూడా దానితోపాటే పోతుంది. తర్వాత అదే పేరుతో పుట్టే కొత్త లాగర్‌కి నువ్వు చెప్పిందేమీ తెలియదు. అందుకే కోడ్‌లోనే చేయాలంటే ఆ లాగర్‌ని ఒక స్టాటిక్ ఫీల్డ్‌లో దాచుకో. నన్నడిగితే కోడ్‌లో కాకుండా లాగింగ్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాయడమే మేలు, ఈ తలనొప్పే ఉండదు.

నాలుగోది, పైన చెప్పిన కుకీలు. వాటి పేరు ఆర్గ్ డాట్ అపాచీ డాట్ హెచ్‌టీటీపీతో మొదలవుతుంది కాబట్టి, హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్‌ని ఆఫ్ చేస్తే అవి ఎందుకు ఆగుతాయి?

ఇంకొందరు నో-ఆప్ లాగ్ పెట్టమంటారు, అంటే కామన్స్ లాగింగ్ దగ్గరే ఎవరేం చెప్పినా వినని లాగర్ పెట్టేయడం. అది హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ క్లాసులు లోడ్ కాకముందే సెట్ చేయాలి, లాగర్లు స్టాటిక్ ఫీల్డ్స్‌లో కూర్చుంటాయి కాబట్టి ఆలస్యమైతే లాభం లేదు. పైగా కామన్స్ లాగింగ్ వాడే మిగతా లైబ్రరీలన్నీ కూడా మూగబోతాయి. ఇక సిస్టమ్ ఎర్ర్ స్ట్రీమ్‌నే శూన్యంలోకి మళ్లించే ఘనులు ఉన్నారు, వాళ్ల గురించి రాయడం దండగ. రేపు స్టాక్ ట్రేస్ ఏదీ అంటే ఏం చూపిస్తావు?

సరే, ఇవన్నీ దాటి ఆ లైన్ పనిచేసిందే అనుకో. అయినా వద్దంటున్నానే, ఎందుకంటే క్లిక్. పేజీలో దాగి ఉన్న బటన్ మీద నువ్వు క్లిక్ చేస్తే హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ ఆ క్లిక్‌ని చేయదు, ఎక్సెప్షన్ కూడా విసరదు. అదే పేజీని తిరిగి నీ చేతికిచ్చేసి, ఎలిమెంట్ కనిపించడం లేదు కాబట్టి క్లిక్‌ని పట్టించుకోలేదని లాగ్‌లో ఒక వార్నింగ్ రాస్తుంది. డిజేబుల్ అయిన బటన్‌కీ అంతే. నీకు దొరికే ఆనవాలు ఆ ఒక్క వార్నింగే! ప్యాకేజీ మొత్తం ఆఫ్ చేస్తే అది పోతుంది. తెలివిగా "ఎర్రర్లు మాత్రం రానిస్తాను" అని లెవెల్ ఎర్రర్‌కి పెట్టినా పోతుంది, ఎందుకంటే అది వచ్చేది వార్నింగ్ స్థాయిలోనే. తర్వాత ఫారం ఎందుకు వెళ్లలేదో తెలియక జుట్టు పీక్కుంటావు.

అందుకే గొంతుల్ని ఒక్కొక్కటిగా మూయాలి. హెచ్‌టీఎమ్‌ఎల్‌యూనిట్ వాళ్లు దీనికి దారి పెట్టే ఉంచారు. సీఎస్‌ఎస్‌కి వెబ్‌క్లయింట్ (నీ కోడ్‌లో బ్రౌజర్‌గా పనిచేసే వస్తువు) మీద సైలెంట్ సీఎస్‌ఎస్ ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టు, సగం లాగ్ అక్కడే పోతుంది. సీఎస్‌ఎస్‌నే ఆపేసే ఆప్షన్ కూడా ఉంది, వేగం కూడా పెరుగుతుంది, కానీ అప్పుడు ఏది కనిపిస్తుంది ఏది దాగి ఉంది అన్న లెక్క మారిపోతుంది, పేజీ టెక్స్ట్ తీసుకుంటే దాచిన ముక్కలు కూడా వచ్చి పడతాయి. లాగ్ కోసం ప్రవర్తన మార్చడం నాకు నచ్చదు. కంటెంట్ టైప్ గొడవకి ఇన్‌కరెక్ట్‌నెస్ లిజనర్ అని ఒకటుంది, ఒక్క మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేస్, ఖాళీ బాడీతో రాసి పెట్టేయ్. 404 వచ్చినప్పుడు పేజీ మొత్తాన్ని లాగ్‌లో దొర్లించేది వేరే, దానికి ప్రింట్ కంటెంట్ ఆన్ ఫెయిలింగ్ స్టేటస్ కోడ్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయాలి.

జావాస్క్రిప్ట్ దగ్గర మాత్రం కాస్త ఆగు. స్క్రిప్ట్ ఎర్రర్ వస్తే ఎక్సెప్షన్ విసరొద్దని చెప్పే ఆప్షన్ వాడావు కదా, అది ప్రోగ్రామ్ ఆగకుండా చూస్తుంది, అంతవరకే. లాగ్‌ని ఆపదు, ఈ రెండూ వేర్వేరు సంగతులు. లాగ్‌ని కూడా ఆపే సైలెంట్ లిజనర్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, కానీ అది పెట్టుకోకు. స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోతే నీ టేబుల్ పేజీలోకి రానే రాదు, అప్పుడు కారణం కావాలి. సొంత లిజనర్ ఒకటి రాసి, వచ్చిన ఎర్రర్లని ఒక లిస్ట్‌లో వేసి ఉంచు, కావాల్సిన ఎలిమెంట్ దొరక్కపోతేనే ఆ లిస్ట్ బయటికి ప్రింట్ చెయ్. దొరికితే పారేయ్.

మిగిలినవి రెండే. స్ట్రిక్ట్ ఎర్రర్ రిపోర్టర్, కుకీల క్లాస్, ఈ రెండింటి పూర్తి పేర్లూ నీ లాగ్‌లోంచే కాపీ చేసి కాన్ఫిగ్ ఫైల్‌లో మొదటిదాన్ని ఆఫ్, రెండోదాన్ని ఎర్రర్ అని పెట్టు. కుకీ వల్లే లాగిన్ నిలవడం లేదనే అనుమానం ఎప్పుడైనా వస్తే మొదట తెరవాల్సింది ఆ రెండోదే. ఆ లైన్ల పక్కన ఎందుకు ఆపావో ఒక కామెంట్ కూడా రాయి.

లిజనర్లు, హ్యాండ్లర్లు క్లయింట్‌కి క్లయింట్ విడిగా పెట్టాలి. నీ కోడ్‌లో మూడు చోట్ల కొత్త వెబ్‌క్లయింట్ చేస్తున్నావు, ఒకచోట పెట్టి రెండు చోట్ల మర్చిపోతే మళ్లీ నాకే మెసేజ్ పెడతావు. క్లయింట్‌ని తయారుచేసి ఇచ్చే ఒక మెథడ్ రాసి, ఎవరైనా అక్కడినుంచే తీసుకోవాలని పెట్టు.

అంతా అయ్యాక ఒక చిన్న పేజీ రాయి, అందులో డిస్‌ప్లే నన్ పెట్టిన బటన్ ఒకటి, తప్పుడు సీఎస్‌ఎస్ లైన్ ఒకటి. దాన్ని తెరిచి బటన్ మీద క్లిక్ చెయ్. లాగ్‌లో క్లిక్ వార్నింగ్ ఒక్కటే రావాలి. అది కూడా రాకపోతే కాన్ఫిగ్ ఫైల్, డిపెండెన్సీ ట్రీ రెండూ పంపు, రాత్రికి చూస్తాను.

అన్న