ఆవకాయ క్లాసులు, పెరుగు క్లాసులు

పాఠకుల ప్రశ్నలు – అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. 2019లో కాకతీయ యూనివర్సిటీ నుంచి బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తి చేశాను. రెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పాను. పెళ్లయ్యాక ఈ ఫిబ్రవరి 20న డిపెండెంట్‌గా, హెచ్4 వీసా మీద టెక్సాస్ వెళ్లాను. మా ఆయనకు డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక జనవరిలో అక్కడి కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక కాలేజీ) చేరాలనుకుంటున్నాను. మా అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ నేనే దగ్గరుండి చూసుకున్నాను, అప్పటి నుంచి నర్సింగ్ మీదే మనసు. మా అమ్మేమో "డిగ్రీ చదివి సూదులేస్తవా?" అంటున్నది. మా ఆయన పైథాన్ నేర్చుకోమంటున్నారు. ఆయన ఫ్రెండు వాళ్ల ఆవిడ ఒక లిస్టు రాసిచ్చింది: అనాటమీ, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్, పైథాన్. మొత్తం 13 క్రెడిట్లు. కాలేజీ వెబ్‌సైటు తెరిస్తే వందల క్లాసులు, అన్నీ నంబర్లే. టెన్షన్‌తో మూసేస్తున్నాను. బతుకమ్మకని ఇంటికొచ్చాను, నవంబరు మొదటి వారంలో మళ్లీ వెళ్లిపోతాను. ఏ క్లాసులు తీసుకోవాలి?
– ఒక చెల్లె, హన్మకొండ

జవాబు: చెల్లె, ముందు ఆ లిస్టు మడిచి పక్కన పెట్టు. రాసిచ్చినామె మంచి మనసుతోనే ఇచ్చి ఉంటుంది. కానీ అది ఆమెకు పనికొచ్చిన లిస్టు.

నేను కూడా 2008లో ఇట్లాగే ఇంకొకరి లిస్టు పట్టుకుని పోయాను. ఎండాకాలంలో ఐదు వారాల సమ్మర్ టర్మ్, అందులో అనాటమీ మొదటి భాగం. మామూలుగా పదహారు వారాలు చెప్పే పాఠాన్ని ఐదు వారాల్లో కుక్కుతారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగో రోజే ఎముకల పరీక్ష. మనిషి ఒంట్లో 206 ఎముకలని ఇంటర్‌లోనే బట్టీ పట్టినదాన్ని, నాకేంటి అనుకున్నాను. ల్యాబ్‌లో తొడ ఎముక చేతికిచ్చి, దాని మీది గుంట పేరేంటి, గాడి పేరేంటి అంటే నోరు పెగల్లేదు. వందకు 41. రెండో వారంలో క్లాసు వదిలేశాను. మధ్యలో వదిలేస్తే పడే ఆ 'డబ్ల్యూ' ఇప్పటికీ నా ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉంది. తర్వాత అదే కాలేజీలో ట్యూటరింగ్ సెంటర్‌లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి, నాలాగా వచ్చినవాళ్లను చాలామందినే చూశాను.

నువ్వు ఉత్తరంలో తారీఖు రాయడం చాలా మంచిదైంది. హెచ్4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, దానికి స్టూడెంట్ వీసా అక్కర్లేదు. ఒక్క క్లాసు తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. చిక్కంతా ఫీజు దగ్గర వస్తుంది. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీల్లో మూడు రేట్లుంటాయి: ఆ కాలేజీ పరిధిలో ఉండేవాళ్లకు ఒకటి, టెక్సాస్‌లోనే వేరే చోట ఉండేవాళ్లకు ఇంకోటి, బయటి రాష్ట్రం, బయటి దేశం వాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ. ఆ కాలేజీలు కొంతవరకు స్థానిక ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. మీరు కట్టే అపార్ట్‌మెంటు అద్దెలోంచి కూడా ఆ పన్ను పోతున్నట్టే, కాబట్టి తక్కువ రేటు అడగడానికి మొహమాటపడకు. హెచ్4 వాళ్లకు కూడా ఆ రేటు రావచ్చు. కానీ టెక్సాస్‌లో పన్నెండు నెలలు నిండాలి, అది కూడా 'సెన్సస్ డేట్', అంటే కాలేజీ విద్యార్థుల లెక్క తీసే రోజు, నాటికి నిండాలి. పెద్ద సెమిస్టర్‌లో అది క్లాసులు జరిగే రోజుల్లో పన్నెండోది. జనవరి సెమిస్టర్‌కు అది జనవరి చివర్లోనో, ఫిబ్రవరి మొదట్లోనో పడుతుంది. నీకు ఏడాది నిండేది ఫిబ్రవరి 20కి. రెండు మూడు వారాల తేడాకు 13 క్రెడిట్లకూ పెద్ద రేటు కడతావా? అద్దె అగ్రిమెంటులో నీ పేరు కూడా చేర్పించు, జాయింట్ బ్యాంకు ఖాతా తెరవండి, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకో. రెసిడెన్సీ, అంటే నువ్వు టెక్సాస్‌లో ఉండేదానివేనా అని, తేల్చే అడ్మిషన్స్ ఆఫీసు వాళ్లకు చూపించాల్సింది ఈ కాగితాలే. మీ ఆయనవి కూడా ఉండాలి.

ఇక్కడ ఉన్నన్ని రోజుల్లో విద్యారణ్యపురి పోయి ఒక పని చేసుకో. క్యాంపస్‌లో యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి సీలు వేసిన కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు తీసుకో. ఒకటి కాదు, మూడు. నువ్వు చదివిన ఏళ్ల బీజెడ్‌సీ సిలబస్ కాపీ కూడా సంపాదించు. అక్కడ మన మార్కుల మెమోను చూసి ఏ సబ్జెక్టు దేనికి సమానమో చెప్పే ఎవాల్యుయేషన్ సంస్థలున్నాయి, డబ్ల్యూఈఎస్ లాంటివి. నీ కాలేజీ ఎవరి రిపోర్టు ఒప్పుకుంటుందో చూసుకుని, ఒక్కో సబ్జెక్టు విడిగా చూపించే రిపోర్టే అడుగు. మన మూడేళ్ల డిగ్రీని అన్నిచోట్లా వాళ్ల నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా తీసుకోరు, అయినా ఎంతో కొంత కలిసొస్తుంది. డాలస్ పోయాక "అమ్మా, యూనివర్సిటీకి పోయి ఒక కాగితం తీసుకురావా" అని ఫోన్లో బతిమాలడం ఎంత కష్టమో నన్నడుగు. మా నాన్న మూడుసార్లు తిరిగాడు, మూడోసారి లంచ్ టైము.

ఇప్పుడు ఆ నంబర్ల సంగతి. నువ్వు భయపడుతున్నావు గానీ అవి మన బస్సు నంబర్లకన్నా సులువు. టెక్సాస్ కాలేజీలన్నీ కలిసి పెట్టుకున్న లెక్క అది. మొదటి అంకె ఎన్నో ఏడాది చదువో చెబుతుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో. ఇంగ్లిష్ 1301 అంటే మొదటి ఏడాది, మూడు క్రెడిట్లు. అనాటమీ–ఫిజియాలజీ మొదటి భాగం బయాలజీ 2401, అంటే రెండో ఏడాది, నాలుగు క్రెడిట్లు. దాని రెండో భాగం 2402. పక్కనే 2404 అని ఒకటి కనిపిస్తుంది, మొత్తం అనాటమీని ఒకే సెమిస్టర్‌లో ముగించేది. తొందరగా అయిపోతుందని దాని జోలికి పోవద్దు, నర్సింగ్ వాళ్లు సాధారణంగా అడిగేది 2401, 2402 జంటనే. మైక్రోబయాలజీలో కూడా 2420, 2421 అని రెండుంటాయి. మొదటిది నర్సింగ్ లాంటి కోర్సుల వాళ్లకు, రెండోది సైన్సు మేజర్ల వాళ్లకు. పేరొక్కటే చూసి క్లిక్ చేసి, సెమిస్టర్ అంతా అయ్యాక తల పట్టుకున్నవాళ్లు మా ట్యూటరింగ్ టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు.

నీ లిస్టులో నాకు అసలు నచ్చనిది మొదట్లోనే అనాటమీ ఉండడం. చాలా నర్సింగ్ ప్రోగ్రాములు ఐదేళ్లు దాటిన అనాటమీని లెక్కలోకి తీసుకోవు. అంటే అది పెరుగు లాంటిది, తోడేశాక ఎక్కువ రోజులు ఉంచితే పులుస్తుంది. ఇంగ్లిష్ 1301, సైకాలజీ 2301 లాంటివి ఆవకాయ. జాడీలో పెట్టి మర్చిపోయినా ఉంటాయి. మరి నీ నర్సింగ్ ఎప్పుడు మొదలవుతుందో నీకు ఇప్పుడు తెలుసా? హెచ్4కు ఉద్యోగం చేసే హక్కు దానంతట అది రాదు. మీ ఆయన గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (ఆయన కోసం కంపెనీ పెట్టే అర్జీ) ఆమోదం అయితే నువ్వు ఈఏడీకి, అంటే ఉద్యోగ అనుమతి కార్డుకు, పెట్టుకోవచ్చు, ఆ వెసులుబాటు 2015లో వచ్చింది. అది ఎంతవరకు వచ్చిందో ఇవాళ రాత్రే మీ ఆయన్ని అడుగు. ఇంకో ముఖ్యమైన మాట: నర్సింగ్‌లో ఆసుపత్రికి పంపే క్లినికల్స్ ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు (ఉద్యోగ హక్కు ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చేది) లేనివాళ్లను వాటికి తీసుకుంటారా లేదా అని ఆ కాలేజీ నర్సింగ్ విభాగానికి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకో. ఈ రెండూ తేలకుండా అనాటమీకి డబ్బు కట్టొద్దు. తేలాక మాత్రం పదహారు వారాలది, కాలేజీకి పోయి కూర్చునేది తీసుకో. ఎనిమిది వారాలది కూడా వద్దు. సగం కాలంలో అదే పాఠం.

అందుకే జనవరిలో నువ్వు క్రెడిట్ క్లాసులేవీ తీసుకోకపోతేనే నాకు ఇష్టం. కాలేజీలో కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ అని క్రెడిట్ లేని చిన్న కోర్సులుంటాయి. అందులో మెడికల్ టెర్మినాలజీ దొరికితే చేరు. బీజెడ్‌సీ చదివినదానివి, నీకు సరదాగా ఉంటుంది. ఆ నెలల్లోనే డ్రైవింగ్ నేర్చుకో. ఇక్కడ చౌరస్తాలో నిలబడితే ఏదో ఒక ఆటో దొరుకుతుంది. అక్కడ మీ ఆయన కారు తీసుకుని ఆఫీసుకు పోతే నువ్వు ఇంట్లోనే. క్లాసు టైము ఎంచుకునేటప్పుడు కారు ఎప్పుడు ఎవరి దగ్గర ఉంటుందో ముందు రాసుకో, నేను ఇది వెక్కిరింతకు చెప్పడం లేదు. ఆగస్టులో రెండే రెండు: ఇంగ్లిష్ 1301, స్పీచ్ 1315. 1301కు ముందు టీఎస్ఐ అనే పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు. నీ ఎవాల్యుయేషన్ చూపించి మినహాయింపు ఇస్తారేమో అడుగు, ఇవ్వకపోతే లెక్కలకు కాదు, వ్యాసానికి సిద్ధపడు. మన పిల్లలు బోల్తా పడేది అక్కడే.

స్పీచ్ నర్సింగ్ వాళ్ల పేజీలో ఉండకపోవచ్చు. అయినా తీసుకోమంటున్నాను. ఒక పని చేసి చూపిస్తూ మాట్లాడమంటే నేను బతుకమ్మ పేర్చడం చూపించాను. తంగేడు లేదు, గునుగు లేదు, సూపర్‌మార్కెట్ చేమంతులు, ఒక స్టీలు పళ్లెం. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు జనం ఎట్లుంటారో చెబుతుంటే గొంతు పట్టేసింది, రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడానని మార్కులు కోశారు కూడా. కానీ ఆ రోజు తర్వాత క్లాసులో చెయ్యెత్తడానికి భయపడలేదు. రేపు రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడాల్సినదానివి నువ్వు.

రెండు క్లాసులేనా అనుకోకు. మూడు క్రెడిట్లంటే వారానికి మూడు గంటల పాఠం, దాని మీద ఇంట్లో ఇంకో ఆరు గంటలు. రెండు క్లాసులకు పద్దెనిమిది గంటలు. 13 క్రెడిట్లకు లెక్క నువ్వే వేసుకో. బాగాలేకపోతే వదిలేద్దాంలే అనుకోవడానికీ లేదు. టెక్సాస్‌లో డిగ్రీ చదువు మొత్తం మీద సెన్సస్ డేట్ దాటాక ఆరు క్లాసులకు మించి డ్రాప్ చేయనివ్వరు. ఆ తేదీ లోపు వదిలితే అది లెక్కలోకి రాదు, కాబట్టి మొదటి పన్నెండు రోజులూ కళ్లు తెరుచుకుని ఉండు.

టీచరు ఎట్లాంటివారో తెలుసుకోవడానికి వాట్సాప్ గ్రూపులో అడగనక్కర్లేదు. 2009లో టెక్సాస్ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ కాలేజీలు ప్రతి క్లాసు సిలబస్‌నూ, చెప్పే టీచరు బయోడేటానూ వెబ్‌సైటులో మొదటి పేజీ నుంచి మూడు క్లిక్కుల్లో దొరికేలా పెట్టాలని. కిందటి సెమిస్టర్‌ది తెరిచి చూడు. పరీక్షకెంత, వ్యాసాలకెంత, ఆలస్యమైతే ఎన్ని మార్కులు కోస్తారు, అన్నీ ఉంటాయి. ముప్పావు వంతు మార్కులు రెండు పరీక్షల మీదే పెట్టిన టీచరు దగ్గర మొదటి సెమిస్టర్‌లో చేరకు.

పైథాన్ మంచిదే, కానీ నీకు ఇష్టమని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మీ ఆయనకు ఇష్టమని రాశావు. స్టాటిస్టిక్స్ ఆవకాయే, వచ్చే ఏడాది చూడొచ్చు. ఇక మీ అమ్మకు ఏమీ చెప్పకు. అమ్మమ్మ మంచం పక్కన నలభై రోజులు నిన్ను చూసింది ఆమెనే కదా.

ప్రశ్న: మేడమ్, మాది పెద్దపల్లి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ 93 శాతం. టెక్సాస్‌లో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, తర్వాత యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖర్చు సగం అంటున్నాడు ఏజెంటు. మొదటి సెమిస్టర్ క్లాసులు కూడా తనే ఎంచి పెడతాడట, "సులువైనవే వేశాను" అన్నాడు. నమ్మొచ్చా?
– ఒక తండ్రి

జవాబు: అన్నా, దారి నిజమే, చాలామంది పోతారు. కానీ మీ వాడు పోయేది ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద, ఫీజు పెద్ద రేటే. ప్రతి పెద్ద సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా ఒక్కటే లెక్కకొస్తుంది. పై చెల్లెకు చెప్పినట్టు రెండు క్లాసులతో మొదలుపెట్టే వీలు అతనికి లేదు. పని చేసుకుంటూ చదువుతాడులే అనుకోకండి, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించకూడదు, అది దొరికితేనే.

ఆ 'సులువైనవి' అన్న మాట దగ్గరే నాకు అనుమానం. ఏజెంటు లిస్టులో ఫిజిక్స్ 1401 ఉందా, 2425 ఉందా చూడండి. 1401లో క్యాల్క్యులస్ ఉండదు, అందుకే సులువు, అందుకే ఇంజినీరింగ్‌కు పనికిరాదు. కావాల్సింది 2425. లెక్కల్లో కూడా క్యాల్క్యులస్ మొదటిది 2413, మీవాడి ఎంపీసీ మార్కులకు, ఏ క్లాసులో కూర్చోవచ్చో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష బాగా రాస్తే నేరుగా అందులో కూర్చోవచ్చు. 1314 అని కాలేజీ ఆల్‌జీబ్రా వేసి ఉంటే, మన ఇంటర్‌లో అయిపోయిన పాఠానికి డాలర్లు కట్టబోతున్నట్టు. తర్వాత చేరాలనుకుంటున్న యూనివర్సిటీ ఏదో ముందే అనుకుని, వాళ్ల ఇంజినీరింగ్ ట్రాన్స్‌ఫర్ పేజీ మీ అబ్బాయినే తెరవమనండి. ఏజెంటు లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ సరిచూసుకోమనండి. ఒక సాయంత్రం పని. డబ్బు కట్టకముందు ఆ పని అతను చేయలేకపోతే, ఒక ఏడాది ఆగండి.