సీజన్ ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బలాబలాలు తేల్చాలంటే ఆరో లైన్‌మన్ దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: మీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు నిరుడు 11 ఆటలు గెలిచింది, ఈ వేసవిలో పేరున్న రిసీవర్‌ను (పాస్ అందుకునేవాణ్ని) తెచ్చుకుంది, తోటి ఫ్యాన్స్ అప్పుడే సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్) లెక్కలేస్తున్నారు. మీకు మాత్రం నమ్మకం కుదరడం లేదు, రోస్టర్‌లో, అంటే జట్టు ఆటగాళ్ల జాబితాలో, బలమెక్కడ, బొక్కెక్కడ అన్నది సెప్టెంబరులోపు తేల్చుకోవాలి.

ముందు ఆ 11ని కాస్త గిల్లి చూడండి. అందులో ఎన్ని గెలుపులు ఎనిమిది పాయింట్లలోపు తేడాతో వచ్చాయి? సీజన్ మొత్తమ్మీద చేసిన పాయింట్లెన్ని, ఇచ్చినవెన్ని? 2022లో మిన్నెసోటా వైకింగ్స్ 13 గెలిచి 4 ఓడింది. వాటిలో 11 గెలుపులు ఈ చిన్న తేడావే, అలాంటి ఆట ఒక్కటీ పోగొట్టుకోలేదు. మొత్తం కలిపి చూస్తే మాత్రం 424 చేసి 427 ఇచ్చింది. ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే జెయింట్స్ చేతిలో 31-24తో ఇంటికి పోయింది. మరుసటి ఏడు మొదటి మూడు ఆటలూ ఓడింది, మూడూ ఎనిమిది పాయింట్లలోపే. దగ్గరి ఆటల్లో కలిసొచ్చిన అదృష్టం రోస్టర్‌తో పాటు మరుసటి ఏడాదికి రాదు. జారిన బంతి ఎవరి చేతిలో పడుతుందన్నదీ అంతే, కోలగా ఉన్న బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. నిరుడు మీవాళ్లు జారిన బంతులు మరీ ఎక్కువగా అందుకుని ఉంటే ఆ భాగ్యాన్ని బలం కింద రాసుకోకండి.

ఇక అసలు సంగతి. ఫ్యాన్స్ రోస్టర్‌ను పైనుంచి కిందికి చదువుతారు: క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), రిసీవర్లు, పాస్ రషర్లు (అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లు). నేనైతే ఆఫెన్సివ్ లైన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ఐదుగురి వరుసలో, వాళ్ల తర్వాతి ఆరో మనిషి దగ్గర మొదలుపెట్టమంటాను. ఐదుగురు స్టార్టర్లూ (మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్) 17 ఆటలూ కలిసి ఆడటం అరుదు. కాబట్టి ఆ ఆరో, ఏడో వాళ్లు ఎలాగూ ఆడతారు, ఎప్పుడన్నదే తేలాలి.

కాన్సస్ సిటీ చీఫ్స్ మూడు సూపర్‌బౌల్స్ పక్కపక్కన పెట్టండి. క్వార్టర్‌బ్యాక్ మూడింట్లోనూ మహోమ్స్, కోచ్ ఆండీ రీడ్. 2021 ఫిబ్రవరిలో ఇద్దరు టాకిల్స్, ఫిషర్, ష్వార్ట్జ్, గాయాలతో లేరు. మహోమ్స్ మీద 29 సార్లు ఒత్తిడి పడింది, ఎదురు జట్టు టాంపా బే 31-9తో కొట్టేసింది. ఆ వేసవిలోనే చీఫ్స్ ఐదు చోట్లా కొత్తవాళ్లను పెట్టింది. ఓర్లాండో బ్రౌన్‌ను ట్రేడ్‌లో, జో థూనీని ఫ్రీ ఏజెన్సీలో (ఒప్పందం ముగిసినవాళ్ల నుంచి), క్రీడ్ హంఫ్రీని డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) రెండో రౌండ్‌లో, ట్రే స్మిత్‌ను ఆరో రౌండ్‌లో తెచ్చుకుంది. 2023 ఫిబ్రవరిలో ఎదురుగా ఉన్నది ఆ సీజన్‌లో 70 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసిన ఈగిల్స్. మహోమ్స్‌ను ఒక్కసారీ పడగొట్టలేకపోయింది, చీఫ్స్ 38-35తో గెలిచింది. 2025 ఫిబ్రవరికి లెఫ్ట్ టాకిల్ చోటు మళ్లీ ఖాళీ. లీగ్‌లోనే మేటి గార్డ్‌లలో ఒకడైన థూనీని అక్కడికి జరిపారు. ఈగిల్స్ ఒక్క బ్లిట్జ్ (వెనకవాళ్లను కూడా అదనంగా రష్‌కు పంపడం) కూడా పంపకుండా, ముందున్న నలుగురితోనే ఆరు శాక్‌లు చేసి 40-22తో ముగించింది.

మంచి గార్డ్ టాకిల్‌గా ఎందుకు తేలిపోతాడంటే, గార్డ్‌కు రెండు పక్కలా మనవాళ్లే ఉంటారు. టాకిల్‌కు బయటివైపు అంతా ఖాళీ. అక్కడ చేతుల పొడవు, వెనక్కి జరిగే పాదం వేగం కావాలి. ఎడమ నుంచి కుడికి మారడమూ తేలిక కాదు: వెనక పెట్టే కాలు మారుతుంది, మొదట తగిలించే చెయ్యి మారుతుంది. అందుకే డెప్త్ చార్ట్‌లో (ఒక్కో చోటుకు మొదటి, రెండో ఆటగాళ్ల పట్టిక) "రెండువైపులా ఆడగలడు" అని చదివినప్పుడు నిజంగా ఏ వైపు ఎన్ని స్నాప్‌లు (బంతి కదిలి మొదలయ్యే ఒక్కో ప్లే) ఆడాడో వెతకండి. సెంటర్‌కు గాయమైతే ఇంకో చిక్కు ఉంది. బ్యాకప్ సెంటర్ లేక గార్డ్‌ను మధ్యకు జరిపితే ఒక గాయానికి రెండు చోట్లు చెడతాయి. పైగా బ్లాకింగ్ పిలుపులు ఇచ్చేది చాలా జట్లలో సెంటరే.

దీన్ని ప్రీసీజన్ (సీజన్ ముందు సన్నాహక) ఆటలో ఇలా పట్టుకోవచ్చు. బంతిని చూడకండి. రెండో జట్టు లెఫ్ట్ టాకిల్‌ను ఎంచుకుని వరసగా పది పాస్ ప్లేలు అతన్నే చూడండి. ముఖ్యంగా మూడో డౌన్ (పది గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడు గజాలు దాటి కావాల్సినప్పుడు, ఎందుకంటే అప్పుడు పాస్ వస్తుందని అవతలివాళ్లకీ తెలుసు. మొదటి అడుగుకే నడుము వంగి తల ముందుకు పోతోందా? రషర్ బయటికని నమ్మించి లోపలికి తిరిగితే నిలబడుతున్నాడా? ప్రతిసారీ టైట్ ఎండ్‌నో రన్నింగ్ బ్యాక్‌నో అతని పక్కన సాయం పెడుతున్నారా? పెడుతుంటే కోచ్ తన నోటితో చెప్పనిది అక్కడ చెప్పినట్టే. అలా ఒకణ్ని కాపలాకు ఉంచేస్తే పాస్ కోసం పరిగెత్తేవాళ్లు ఐదుగురికి బదులు నలుగురే. మీ కొత్త రిసీవర్ లెక్క ఇక్కడే తేలేది. దూరపు రూట్ తెరుచుకోవడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది, అంతసేపు లైన్ ఆగకపోతే అతనెంత గొప్పవాడైనా ఖాళీగా పరిగెత్తి రావడమే.

ఇంకో చిన్న లెక్క ఉంది. ఆట రోజున యాక్టివ్‌గా ఉండేది 47 మంది, కనీసం 8 మంది ఆఫెన్సివ్ లైన్‌మన్‌లు అందులో ఉంటే 48. లీగే ఆ అదనపు చోటుతో లైన్‌మన్‌లను ఉంచుకోమని చెబుతోంది. మీ జట్టులో ఆ ఎనిమిదో మనిషి ఎవరో ఫ్యాన్స్‌ను అడిగి చూడండి, చాలామందికి పేరు కూడా తట్టదు.

బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ సంగతి అందరికీ తెలిసిందే అయినా ఎవరూ మనసులో పెట్టుకోరు. 2023లో జెట్స్ ఆశలన్నీ పెట్టుకున్న ఆరన్ రాడ్జర్స్ నాలుగు స్నాప్‌లకే అకిలీస్ తెగి సీజన్‌కు దూరమయ్యాడు. దానికి సరిగ్గా ఎదురు 2017 ఈగిల్స్: లెఫ్ట్ టాకిల్ పీటర్స్ పోయాడు, డిసెంబరులో క్వార్టర్‌బ్యాక్ వెంట్జ్ పోయాడు. వాళ్ల చోట వచ్చిన వైటాయ్, ఫోల్స్‌లతోనే పేట్రియట్స్‌ను 41-33తో ఓడించి సూపర్‌బౌల్ గెలిచింది.

డిఫెన్స్‌కు వస్తే, చార్ట్‌లో నలుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లే (వెనక పాస్‌లను కాచేవాళ్లు) స్టార్టర్లని రాసి ఉంటే నమ్మొద్దు. ఆఫెన్స్ ఎక్కువ ప్లేల్లో ముగ్గురు రిసీవర్లతో దిగుతోంది, అందుకే నికెల్, అంటే ఐదుగురు బ్యాక్‌ల అమరికే ఇప్పుడు అసలు డిఫెన్స్. లోపలి స్లాట్ రిసీవర్‌ను కాచే మూడో కార్నర్‌ను స్టార్టర్ కింద లెక్కేసుకోండి. 2024 ఈగిల్స్ ఆ చోటును సీజన్ మధ్యలో రూకీ (తొలి ఏడాది ఆటగాడు) కూపర్ డిజీన్‌కు ఇచ్చింది. సూపర్‌బౌల్‌లో మహోమ్స్ బంతిని అడ్డగించి టచ్‌డౌన్ చేసింది అతనే. ముందు వరుసలో పేరున్న రషర్ ఒక్కడుంటే చాలదు. నాలుగో క్వార్టర్‌లో కూడా కాళ్లలో బలం ఉండాలంటే మార్చి మార్చి దింపడానికి ఎడ్జ్ రషర్లు (అంచుల నుంచి దూసుకొచ్చేవాళ్లు) కనీసం ముగ్గురు, నయమైతే నలుగురు కావాలి. లేకపోతే బ్లిట్జ్ పంపక తప్పదు, పంపితే వెనక కాపలా పలచబడుతుంది.

నాలుగో, ఐదో రిసీవర్ల గురించి జుట్టు పీక్కోవడం అనవసరం. వాళ్లు రోస్టర్‌లో మిగిలేది స్పెషల్ టీమ్స్‌లో (కిక్ ప్లేల్లో) పనికొస్తేనే.

ప్రీసీజన్ స్కోర్లు పట్టించుకోకండి. 2008 డెట్రాయిట్ లయన్స్, 2017 క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ రెండూ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగు గెలిచి, అసలు సీజన్‌లో 16కి 16 ఓడాయి. ఎవరు ఎవరి మీద ఆడారన్నదే ముఖ్యం. మీ రూకీ చేసిన రెండు శాక్‌లు రేపో మాపో తీసేయబోయే టాకిల్ మీదైతే వాటి విలువ సున్నా.

డబ్బు సంగతి ఒక్క మాట: 2025లో సాలరీ క్యాప్ (ఒక్కో జట్టు జీతాల మీద పరిమితి) 27.92 కోట్ల డాలర్లు. జట్టులో లేనివాళ్ల పాత ఒప్పందాలు దీన్ని ఎంత తింటున్నాయో చూడండి. ఆ డెడ్ మనీ ఎక్కువైతే బెంచ్ నింపేది చవక రూకీలే. ఒక ఆటగాడి గురించి జట్టు నిజంగా ఏమనుకుంటోందో గ్యారంటీ మొత్తం చెబుతుంది, కోచ్ పొగడ్తలు చెప్పవు.

ఆగస్టు చివర 90 మందిని 53కి తగ్గించే రోజుతో పాటు ఆ మరుసటి రోజునూ వదలకండి. వెయివర్స్‌లో మీ జట్టు పక్క జట్లు వదిలేసిన వాళ్లలో ఎవరిని తీసుకుందో చూడండి. క్యాంప్ అంతా అయ్యాక కూడా బయటినుంచి టాకిల్‌ను తెచ్చుకున్నారంటే లోపలివాళ్ల మీద నమ్మకం లేనట్టే. 53లో పేరున్న సీనియర్ లేడని మాత్రం కంగారుపడొద్దు. నాలుగు సీజన్లు పూర్తి చేసినవాళ్లు అప్పుడు వెయివర్స్‌కు పోరు కాబట్టి, ముందే మాట్లాడుకుని ఒకటి రెండు రోజుల్లో వెనక్కి తెచ్చుకుంటుంటారు. పీయూపీ (గాయం వల్ల ఆడలేనివాళ్ల) జాబితాతో సీజన్ మొదలుపెట్టినవాడు కనీసం మొదటి నాలుగు ఆటలకు రాడు. మీ లెఫ్ట్ టాకిల్ గనక అందులో ఉంటే మొదటి నాలుగు వారాల్లో ఎదురుపడే పాస్ రషర్లెవరో షెడ్యూల్ తీసి చూసుకోండి.