హోజిచా: మరిగే నీళ్లు, అరనిమిషం

చి.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

రాత్రి భోజనం అయ్యాక పాలు, పంచదార లేకుండా వేడిగా ఏదైనా తాగాలని ఉందనీ, గ్రీన్ టీ వగరు నోటికి పట్టడం లేదనీ రాశావు కదా. నీకు నప్పేది జపాన్ వాళ్ల హోజిచా. అదీ గ్రీన్ టీ ఆకే, కాకపోతే వేయించినది. పచ్చి కందిపప్పుతో చేసిన పప్పుకీ, దోరగా వేయించి చేసిన పప్పుకీ ఎంత తేడానో ఇక్కడా అంతే. వేగేటప్పుడు వగరునిచ్చే పదార్థాలు తగ్గిపోయి, వేరుసెనగలు వేయించినప్పటిలా కమ్మటి వాసన పుడుతుంది. కెఫీన్ తక్కువే గానీ బొత్తిగా లేకుండా పోదు. ఇట్టే నిద్ర చెడే మనిషివైతే సాయంత్రం దీపాల వేళకే తాగేయి.

ఖరీదైన డబ్బా జోలికి వెళ్లకు. 1920ల్లో క్యోటో టీ వర్తకులు ముదురు ఆకునీ కాడల్నీ వేయించి అమ్మడంతో ఇది వాడుకలోకి వచ్చిందంటారు. లేత ఆకు దీనికి అక్కర్లేదు. కాబట్టి ప్యాకెట్లో పుల్లలు కనిపిస్తే కల్తీ అనుకోవద్దు. కాడలు ఎక్కువున్నదే కాస్త తియ్యగా ఉంటుంది. కనజావా ఊళ్లో పేరుపడ్డ కాగా బోచా అచ్చంగా కాడలతో చేసిందే. మొదటిసారికి 50 గ్రాములు చాలు, 100 దాటొద్దు. మూత తీసిన నెల రోజులకు వాసన సన్నగిల్లుతుంది. ఆకు కాఫీ రంగులో ఉండాలి. నల్లగా బొగ్గులా ఉందంటే మాడిందని అర్థం.

ఇక చేసే పద్ధతి. 150 మిల్లీలీటర్ల కప్పుకు 4 గ్రాముల ఆకు. ఇది దూదిలా తేలిక కనుక చెంచా కొలతను నమ్మితే ఆకు తక్కువపడి నీళ్లలా తయారవుతుంది. చిన్న తూకం లేకపోతే పెద్ద చెంచాతో కుప్పగా రెండు వెయ్యి. నీళ్లు తెర్లుతుండగా పోసి, మూతపెట్టి, 30 సెకన్లు ఆగి, ఆఖరి చుక్క దాకా వడకట్టు. మామూలు గ్రీన్ టీకి నీళ్లు చల్లార్చమంటారు, దీనికి ఆ మాట వర్తించదు. గోరువెచ్చటి నీళ్లకు ఈ వాసన లేవదు. అలాగని మన టీలా ఆకువేసి పొయ్యి మీద మరిగించావా, చేదు దిగుతుంది. అడుగున నీళ్లు మిగిలినా రెండో వాయి చేదెక్కుతుంది. రెండో వాయికి మళ్లీ మరిగే నీళ్లు పోసి, 15 సెకన్లకే వంచెయ్యి. మూడోది ఆశించకు.

బోరు నీళ్లు వాడొద్దు. జపాన్‌లో నీళ్లు చాలామటుకు మెత్తనివి, అంటే సున్నం తక్కువున్నవి, ఈ టీ రుచి వాటికి కుదిరింది. సున్నం ఉన్న నీళ్లలో రంగు మసకబారి, పైన తెట్టు కడుతుంది. ఫిల్టర్ నీళ్లు చాలు.

హోజిచా దొరక్కపోతే, జపాన్ బాంచా (ముదురాకు గ్రీన్ టీ) గానీ చవక సెంచా (వాళ్ల మామూలు గ్రీన్ టీ) గానీ కొని ఇంట్లోనే వేయించుకో. వాళ్లకు దీనికోసం హోరోకు అనే మట్టి పాత్ర ఉంది, పేలాలు వేయించే మన మంగలం లాంటిదే, పిడి ఉంటుంది. నీకు మందపాటి ఇనప మూకుడు చాలు. పోపు పెట్టే బాండీ మాత్రం వద్దు, ఎంత తోమినా నూనె వాసన ఆకుకి పట్టేస్తుంది. ముందు 20 గ్రాముల ఆకుని జల్లించి పొడి తీసెయ్యి. ఆకు వేగేలోపు ఆ పొడి మాడి, మొత్తానికి మాడు వాసన అంటిస్తుంది. సన్నని సెగ మీద మూకుడు రెండు నిమిషాలు వేడెక్కాక ఆకు వేసి, చెయ్యి ఆపకుండా కుదుపు. గరిటతో తిప్పితే ఆకు విరిగి మళ్లీ పొడవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో పచ్చివాసన పోయి, లేత పొగ లేస్తుంది. నీకు కావలసిన రంగుకి ఒక్క పిసరు ముందే దించి, వెంటనే వెడల్పు పళ్లెంలో పరిచెయ్యి. మూకుట్లోనే ఉంచితే పొయ్యి ఆర్పినా ఆకు వేగుతూనే ఉంటుంది. సంచుల్లో వచ్చే టీపొడి, నిమ్మకాయ, తులసి కలిపిన రకాలు దీనికి పనికిరావు.

పాలతో కావాలంటే 8 గ్రాములు, 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, మూడు నిమిషాలు, ఆపైన అంతే కొలతలో వేడి పాలు. ఎండాకాలంలో లీటరు చల్లనీళ్లలో 12 గ్రాములు వేసి, ఫ్రిజ్‌లో ఐదారు గంటలుంచి వడకట్టుకో, మరునాటికల్లా తాగెయ్యాలి.

వేయించిన ఆకు పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టు. వేడిమీద మూత పెడితే చెమ్మ పడుతుంది. ఇంగువ, మసాలా డబ్బాల పక్కన ఉంచకు. ఎప్పుడైనా వాసన తగ్గిందనిపిస్తే, ఆ పూటకు కావలసినంత ఆకుని సన్నని సెగ మీద అరనిమిషం వెచ్చచేసి వాడుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ