గ్లూ వీల్స్ చౌకగా వస్తున్నాయి, కొనమంటారా?

ప్రశ్న: సార్, సైకిల్ రోడ్ రేసుల్లోకి ఈమధ్యే దిగాను. క్లబ్బులో ఒక సీనియర్ తన పాత కార్బన్ ట్యూబ్యులర్ వీల్స్ (టైరుని గ్లూతో అంటించేవి) తక్కువ ధరకి ఇస్తానంటున్నారు. రేసర్ అన్నవాడు ట్యూబ్యులరే వాడాలంటారాయన. నాతో ప్రాక్టీస్ చేసేవాళ్లేమో గ్లూ గొడవ నీకెందుకు, హాయిగా క్లించర్ (ట్యూబు విడిగా ఉండి, విప్పి మార్చుకునే మామూలు టైరు) మీదే ఉండు అంటున్నారు. తేడా నిజంగా తెలుస్తుందా?

జవాబు: ముందు మీరే ఒక సంగతి చెప్పాలి. రేసు మధ్యలో పంక్చరైతే ఇంకో చక్రం అందించడానికి మీ వెనకాల కారు వస్తోందా? రాకపోతే ఆ వీల్స్ ఎంత చౌకైనా వదిలేయండి.

మీ సీనియర్ చెప్పింది అబద్ధమేం కాదు, పాతబడిపోయిందంతే. ట్యూబ్యులర్‌లో ట్యూబు చుట్టూ టైరుని కుట్టేసి, మొత్తాన్ని గ్లూతో రిమ్‌కి అంటిస్తారు. టైరు అంచుని పట్టి ఉంచే గోడలు రిమ్‌కి అక్కర్లేదు కాబట్టి చక్రం తేలిగ్గా ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్ అంచు కింద ట్యూబు నలిగి జంట చిల్లులు పడే బాధ కూడా చాలా తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, గ్లూ సరిగ్గా పెట్టి ఉంటే గాలి మొత్తం దిగిపోయినా టైరు రిమ్‌ని వదలదు, కారు అందుకునేదాకా మెల్లగా తొక్కుకుంటూ పోవచ్చు. పెద్ద టీములు దశాబ్దాల తరబడి దీన్నే పట్టుకుని ఉన్నది చాలావరకు ఇందుకే. కారు లేని మనకి ఆ లాభం రాదు, చాకిరీ మాత్రం మిగులుతుంది. దారిలో పంక్చరైతే క్లించర్‌తోనూ రేసు పోయినట్టే, కాదనను. కానీ అక్కడ ట్యూబు మార్చుకుని ధైర్యంగా తిరిగొస్తారు, ఇక్కడ పాత గ్లూ మీద స్పేర్ టైరు ఎక్కించి ప్రతి మలుపులో టెన్షన్ పడుతూ రావాలి.

విప్పి మార్చుకునే టైరు రేసులకి పనికిరాదని ఎవరన్నా అంటే 1891 సంగతి చెప్పండి. అప్పట్లో గాలి టైరంటే రిమ్‌కి అంటించిందే, పంక్చర్ పడితే గంటల పని. ఆ ఏడాది పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ రేసుని షార్ల్ టెర్రాన్ గెలిచింది మిషెలిన్ వాళ్లు కొత్తగా తెచ్చిన ఊడదీసే టైర్ల మీద.

ఇక స్పీడు. గ్లూ పొర మీద టైరు సన్నగా కదులుతూ ఉంటుంది, గ్లూ సరిగ్గా పెట్టకపోతే మరీను, ఆ కదలికలో మీ కాలి బలం కొంత వృథా అవుతుంది. లేటెక్స్ (బాగా సాగే పల్చటి రబ్బరు) ట్యూబు వేసిన మంచి క్లించర్ దానికి సమానంగా, చాలాసార్లు ఇంకా తేలిగ్గా దొర్లుతుంది. టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడే రేసు) వాళ్లు ఈ సంగతి తొందరగానే పట్టేశారు. ఇప్పుడు పెద్ద టీముల్లో కూడా ఎక్కువమంది ట్యూబ్‌లెస్‌కి మారిపోయారు, మీ సీనియర్ ఆ వీల్స్ ఎందుకు అమ్ముతున్నారో కూడా ఓసారి ఆలోచించండి మరి!

సరే, మనసు లాగుతోంది, కొనే తీరతానంటారా? అయితే గ్లూ పని నేర్చుకోండి. టైరుని ముందు గ్లూ లేకుండా రిమ్ మీద ఎక్కించి, గాలి కొట్టి, సాగనివ్వాలి. తర్వాత టైరు అడుగున ఉన్న గుడ్డకీ రిమ్‌కీ పల్చగా పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. చివరి పూత తడిగా ఉండగానే వాల్వ్ దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా లాగుతూ ఎక్కించి, వంకర లేకుండా సరిచేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. పాత వీల్స్‌కి టైరు అంటించే ఉంటే గాలి పూర్తిగా తీసేసి, బొటనవేళ్లతో టైరుని పక్కకి గట్టిగా నెడుతూ చుట్టూ చూడండి. ఒక్కచోట లేచి కింద రిమ్ కనబడినా దాని మీద ఎక్కకండి, మొత్తం పీకి మళ్లీ అంటించాల్సిందే. 2003 టూర్ డి ఫ్రాన్స్‌లో స్పెయిన్ రేసర్ హోసెబా బెలోకి పల్లంలో దిగుతుంటే, ఎండకి కరిగిన తారు మీద వెనక చక్రం బిగుసుకుపోయి టైరు రిమ్ నుంచి ఊడింది. తొడ ఎముక విరిగింది. ఆయన పోటీ పడుతున్నది అప్పుడు రేసులో ముందున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో, టీము మెకానిక్కులందరూ ఉన్నారు, అయినా.

సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సైకిల్ రేసు) ఆడేవాళ్లు మాత్రం నా మీద కోప్పడకండి. బురదలో చాలా తక్కువ గాలితో తొక్కాలి కాబట్టి అక్కడ ట్యూబ్యులర్‌కి ఇప్పటికీ విలువుంది.

ప్రశ్న: లేటెక్స్ ట్యూబు వేశాను. రాత్రి గట్టిగా గాలి కొడితే పొద్దున్నకి మెత్తబడిపోతోంది. ట్యూబు పాడైందా?

జవాబు: లేదు, దాని తీరే అంత, మామూలు బ్యూటైల్ ట్యూబు కంటే చాలా త్వరగా గాలి వదులుతుంది. రేసు రోజు పొద్దున కొట్టుకోండి చాలు. కార్బన్ రిమ్‌లూ, రిమ్‌నే నొక్కి ఆపే రిమ్ బ్రేకులూ ఉండి పొడవాటి పల్లాలు దిగేవాళ్లు మాత్రం లేటెక్స్ వేయకండి, బ్రేకు వేడికి పేలే ప్రమాదం ఉంది. ఎక్కించేటప్పుడు ట్యూబుకి కొంచెం గాలి పెట్టి, టైరు అంచు కింద ఎక్కడా ఇరుక్కోలేదని చుట్టూ వత్తి చూశాకే మిగతా గాలి కొట్టండి.