దిండు మీద జుట్టు కనిపించకముందే

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి నెల క్రితం ఆపరేషన్ అయింది. సోమవారం కీమో మొదలు. పాప ఎనిమిదో తరగతి, బాబు యూకేజీ. వాళ్లకి కడుపులో గడ్డ అని చెప్పాం. నిజం తెలిస్తే బెంగ పెట్టుకుంటారనీ, నలుగురికీ పాకితే రేపు పాప పెళ్లికి అడ్డమనీ మా అత్తయ్యగారు వద్దంటున్నారు. చెప్పాలా? ఎలా?

జవాబు: చెప్పాలి, కీమోకి ముందే. రొమ్ము క్యాన్సర్‌కి వాడే కీమో మందుల్లో చాలావాటికి, మొదటి డోసు పడ్డాక రెండు మూడు వారాల్లో జుట్టు ఊడుతుంది. అప్పుడు చెబితే అది సంజాయిషీ అవుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల మీ ఫైలు ఇంకా తిరగేయలేదనీ అనుకోకండి.

శనివారం పొద్దున, మీవారు కూడా ఉండగా, ముందు పాపకి చెప్పండి. తమ్ముడి దగ్గర దాచే బరువు తన మీద పడకుండా ఆ రోజే బాబుకీ చెప్పేయండి. పడుకోబోయే ముందు మాత్రం వద్దు.

బాబుకి నాలుగు మాటలు చాలు: "అమ్మ రొమ్ములో గడ్డ వచ్చింది. దాని పేరు క్యాన్సర్. డాక్టర్లు తీసేశారు. మళ్లీ రాకుండా మందు ఎక్కిస్తారు, దాంతో జుట్టు ఊడి, తర్వాత మొలుస్తుంది." పేరు చెప్పి తీరాలి. ఉత్త జ్వరమంటే రేపు వాడికి జ్వరమొచ్చినా హడలిపోతాడు. ఈ వయసు పిల్లలు తప్పు తమదే అనుకుంటారు. నిద్రలో వాడి కాలు మీ ఛాతీకి తగిలి ఉండొచ్చు, అల్లరికి మీరు కసిరి ఉండొచ్చు. కాబట్టి అడక్కపోయినా "నీ వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు" అనండి. ఎత్తుకోమంటే కూర్చుని, ఆపరేషన్ కాని వైపు ఒళ్లోకి తీసుకోండి. స్కూలుకి ఎవరు దింపుతారో చెప్పండి, వాడికి కావలసింది ఎక్కువగా అదే.

మీకిచ్చేది ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్ అయితే, ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తం కాదని ముందే చెప్పండి. మందు మూత్రంలో బయటికి పోతుంది కాబట్టి, ఎక్కించాక మొదటి 48 గంటలు టాయిలెట్ మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేయండి.

పాప మనసులో ఉండి బయటికి రాని ప్రశ్న "నాకూ వస్తుందా?" రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 100కి 5 నుంచి 10 మాత్రమే. చిన్న వయసులో వచ్చింది కాబట్టి మీ జన్యు పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. పాపకి మాత్రం 18 నిండేదాకా ఆ పరీక్ష ఊసే వద్దు.

"చచ్చిపోతావా అమ్మా?" అంటే "ఛ, ఏం మాటలవి" అని నోరు మూయించకండి. "నయం చేయడానికే మందులిస్తున్నారు. ఏదైనా మారితే నీకు చెబుతాను" అనండి. నిలబెట్టుకోలేని ఒట్లు వేయకండి.

మీ అత్తయ్యగారి భయం ఉత్తదేం కాదు, సంబంధాల దగ్గర ఇలాంటివి ఆరా తీసేవాళ్లు ఉన్నారు. ఊరందరికీ చాటక్కర్లేదు. క్లాస్ టీచర్లకి తెలిస్తే చాలు. కానీ "ఎవరితోనూ అనకండి" అని పిల్లల చేత ఒట్టు వేయిస్తే జబ్బు సిగ్గుపడాల్సిన విషయమైపోతుంది. "ఏ జన్మ పాపమో" అన్న మాట పిల్లల ముందు రాకుండా ఆవిడకి మీవారే చెప్పాలి, మీరు కాదు.

బాబు పక్క తడపడం, పాప విసుక్కోవడం కొన్నాళ్లు మామూలే. వారాల తరబడి తగ్గకపోయినా, పాప తిండీ స్నేహితులూ మానేసినా ఆసుపత్రి కౌన్సెలర్‌కి చూపించండి. ఇంకొకటి: కీమోలో మీకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, దాటినా, రాత్రయినా సరే, ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. థర్మామీటరు చూసే పని పాపది కాదు, మీవారిది.