కమాన్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ చివరి బిగింపు నేల మీదే

మీ ప్రశ్న: 2014 థార్‌కి వెనక కమాన్ (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు) బుష్‌లు పోయాయి, స్పీడ్ బ్రేకర్ దాటితే దడ్ దడ్ మంటోంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంతంగా మార్చుకోవచ్చా, రబ్బరు వేయాలా, పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టిగా ఉండే ప్లాస్టిక్ రకం) వేయాలా అని.

మార్చుకోవచ్చు. అలవాటు లేని చేతికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది. అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. "కొత్త బుష్‌లు వేసి ఆరు నెలలు కాలేదు, మళ్ళీ చిరిగిపోయాయి" అని చాలామంది రబ్బరును తిడుతుంటారు. తప్పు చాలాసార్లు బిగించిన చేతిది.

బుష్ ఎలా పనిచేస్తుందో చూడండి. బయట ఒక ఇనుప తొడుగు, లోపల ఒక గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ల మధ్య కరుచుకుపోయి కదలదు. కమాన్ కదిలినప్పుడల్లా రబ్బరే కొద్దిగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. బండి జాకీ మీద ఉండి యాక్సిల్ కిందికి వేలాడుతుంటే బోల్టు పూర్తిగా బిగించారనుకోండి, రబ్బరుకు ఆ వేలాడే స్థితే మామూలు స్థితి అయిపోతుంది. బండి కిందికి దించితే మెలిక పడుతుంది, ఊరికే నిలబెట్టినా ఆ మెలిక పోదు. ఇక గుంటలో పడ్డప్పుడల్లా అదనంగా ఇంకాస్త. చిరగక ఏమవుతుంది?

వెనక ఒక్కో కమాన్‌కు మూడు చోట్ల బుష్ ఉంటుంది: ముందు కన్ను (పట్టీ కొసను గుండ్రంగా చుట్టిన రంధ్రం), వెనక కన్ను, షాకిల్ (వెనక కంటిని ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) పైన ఛాసిస్‌లో. రెండు వైపులా కలిపి ఆరు. జిప్సీకి ముందూ కమాన్లే కాబట్టి పన్నెండు. కొన్ని బళ్ళకు ఒకే ముక్క కాకుండా అటొకటి ఇటొకటి తోసే జత ముక్కలుంటాయి, కొనే ముందు పాతది ఒకటి విప్పి చూసుకోండి. హైదరాబాద్ వైపైతే రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో పాత బుష్, బోల్టు చేతిలో పట్టుకుని వెళ్ళి కొలత కలిపి తెచ్చుకోవడం మేలు. "ఒరిజినల్ సార్" అన్న మాట మీద డబ్బులివ్వకండి. బోల్టులు, యూ బోల్టులు (కమాన్‌ను యాక్సిల్‌కు కట్టి ఉంచేవి), వాటి నట్లు కూడా కొత్తవే తీసుకోండి. యూ బోల్టు ఒకసారి సాగాక మళ్ళీ అదే పట్టు ఇవ్వదు.

సెల్లార్‌లో ర్యాంపు వాలు మీద మాత్రం ఈ పని వద్దు. చదునైన చోట, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెట్టి మొదలుపెట్టండి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, వెనకభాగం లేపాక అది ఉన్నా లేనట్టే. ఛాసిస్ కింద 3 టన్నుల స్టాండ్లు రెండు, యాక్సిల్ కింద వేరే జాకీ. ఇటుకల మీద బండి నిలబెట్టి కింద దూరేవాళ్ళను చూస్తే నాకు గుండె ఆగుతుంది, దయచేసి ఆ పని చేయకండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి, లేకపోతే యాక్సిల్ పక్కకు జరుగుతుంది. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీశాక యాక్సిల్ బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా చూసుకోవాలి.

ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. అయినా మొండికేసేది ముందు కంటి బోల్టే, లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టేస్తుంది. పానా తిప్పితే తిరుగుతుంది కానీ బయటికి రాదు. అప్పుడు సుత్తితో బాదుతూ కూర్చోకుండా బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో హాక్సా బ్లేడుతో రెండు వైపులా కోసేయడమే. డీజిల్ ట్యాంకు దగ్గర గ్రైండర్ వద్దు.

కమాన్ కిందికి వచ్చాక పాత బుష్ తీయడానికి కొందరు గ్యాస్ మంట పెడతారు. రబ్బరు పొగ ఊపిరితిత్తులకు విషం, పైగా ఆ వేడికి పట్టీ గట్టిదనమే పోతుంది. మధ్య రబ్బరును డ్రిల్లుతో తొలిచి లోపలి గొట్టం లాగేయండి. తర్వాత హాక్సా బ్లేడు కంట్లోకి దూర్చి, ఫ్రేముకు బిగించి, బయటి తొడుగును ఒకే గీతగా కోయండి. తొడుగు తెగిన క్షణంలో చేతికి తేడా తెలుస్తుంది, అక్కడే ఆపాలి. కమాన్ కంట్లో గాటు పడితే పట్టీ రేపు అక్కడే విరుగుతుంది.

ఎక్కించేటప్పుడు సుత్తి అక్కర్లేదు. 14 మి.మీ. మరల కడ్డీ ఒక అడుగు ముక్క, రెండు నట్లు, మందపు వాషర్లు, తొడుగు అంచుకు సరిపడే సాకెట్ ఒకటి, అవతల దానికన్నా వెడల్పు పైపు ముక్క. నట్టు తిప్పుతుంటే బుష్ నెమ్మదిగా లోపలికి వస్తుంది. వంకరగా దిగితే వెంటనే ఆపి వెనక్కి తీయండి. కంటిలోపల ముందుగా 120 నంబరు ఎమెరీ కాగితంతో తుప్పు రుద్దాలి. బుష్‌ను ఫ్రీజర్‌లో పెట్టమని సలహా ఇస్తుంటారు, 35 మి.మీ. ఉక్కు తొడుగు దానివల్ల తగ్గేది సుమారు 0.02 మి.మీ. ఎమెరీ కాగితం అంతకన్నా ఎక్కువ సాయం చేస్తుంది. జారడానికి సబ్బు నీళ్ళే వాడండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గ్రీజు బోల్టు కాండానికి మాత్రమే పూయండి, వచ్చేసారి బ్లేడు పని తప్పుతుంది.

కమాన్ మధ్య బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చున్నాకే యూ బోల్టులు వేయాలి, మూలకు మూల మార్చుకుంటూ సమంగా. కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం చేతి బిగువు దాకానే. ఇప్పుడు చక్రాలు వేసి బండి కిందికి దించండి. రెండు మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి, వెనక బంపరు మీద నిలబడి నాలుగుసార్లు ఊపండి. ఆ తర్వాత కింద దూరి, బరువంతా చక్రాల మీద ఉండగా, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించండి. థార్ కింద మనిషి పట్టేంత ఎత్తుంది కాబట్టి బద్ధకించడానికి సాకు లేదు.

రబ్బరా, పాలీనా అంటే, వారం పొడవునా సిటీ, ఎప్పుడైనా అనంతగిరి మట్టిదారులు అనుకుంటే రబ్బరే. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోయినప్పుడు కమాన్ పక్కకూ మెలి తిరగాలి, రబ్బరు దానికి లొంగుతుంది, పాలీ అంతగా లొంగదు. పాలీకి సిలికాన్ గ్రీజు ఎండితే కీచుమని అరుపు కూడా.

ఓ 200 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టు నట్లు మళ్ళీ చూడండి. కొత్తవి కాబట్టి అర చుట్టు దాకా తీసుకున్నా ఆశ్చర్యపోవద్దు.